తాడు పట్టేవాళ్ళు

నలభై అడుగుల గోడ ఎక్కుతున్నది నా మనవరాలు. చెమటలు పడుతున్నది మాత్రం కింద కుర్చీలో కూర్చున్న ఇజ్రాయేల్‌కు.

హైదరాబాదు పొలిమేరలో, ఒక కొత్త పరికరాన్ని పరీక్షిస్తున్న సంస్థవాళ్ళ షెడ్డు అది. సిమెంటు గోడకు చేతికందేలా రంగురంగుల గడ్డలు బిగించారు. భ్రమర నడుముకు మామూలు తాడే కట్టారు. కొత్త సంగతల్లా ఆమె చెవుల వెనక అంటించిన రెండు చిన్న బిళ్ళలు, ఇజ్రాయేల్ చొక్కా గుండీలు విప్పి గుండె మీద పెట్టుకున్న అరచేయంత పలక. ఆ రెండింటికీ మధ్య తీగ కూడా లేదు.

పైన ఒక గడ్డను కావాలనే వదులుగా పెట్టారట. మాకు చెప్పలేదు. భ్రమర పట్టుకోగానే అది ఊడి చేతికొచ్చింది. పిల్ల పది అడుగులు జారి తాడుకు వేలాడింది.

"యేసయ్యా!" అన్న కేక కింద నుంచి వచ్చింది. ఇరవై రెండేళ్ళు సైన్యంలో పనిచేసి సుబేదారుగా దిగిన గిద్దలూరు మనిషి ఇజ్రాయేల్, కుర్చీ చేతులు పట్టుకుని గజగజ వణికాడు. వేలాడుతున్న పిల్ల మాత్రం చేతిలోని గడ్డను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంది, సీతాఫలం కోసినట్టు వచ్చింది" అని నవ్వి మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది.

"చూశారా అమ్మా" అంది నా పక్కన నిలబడ్డ డాక్టర్ శశిరేఖ. ఆ పరికరం మీద ఆమె పదేళ్ళు పనిచేసింది. "భయం పుట్టడం ఆగదు. పుట్టిన కబురు ఒంటికి చేరకముందే పట్టి ఆయనకు పంపిస్తాం. భ్రమర చేతులు వణకవు, ఊపిరి ఎగదన్నదు."

"ఆయనకు పంపేదెందుకు? యాడన్నా పారబోయొచ్చు గదా?"

"ఎవరో ఒకరి ఒళ్ళు అందుకోవాలమ్మా. అందిందని తెలిసేదాకా మెదడు ఆ కబురు పంపుతూనే ఉంటుంది."

తర్వాత సరదాకి నన్నూ కూర్చోబెట్టారు. పలక గుండె మీద పెట్టిన నిమిషానికే నేను లేచి నిలబడి "దిగు పిల్లా, దిగు దిగు" అని అరిచాను. శశిరేఖ దగ్గర పనిచేసే కుర్రది కాగితం మీద ఏదో రాసుకుంది. నేను బడికి పోలేదు. పొట్లం కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. పొట్లం ఎటు తిరిగి ఉంటే అటు చదవాలి కాబట్టి తలకిందుల రాత కూడా నాకు అడ్డం కాదు. "ఈదమ్మ, అరవై తొమ్మిది. ఆందోళన ఎక్కువ. పనికిరాదు" అని రాసింది.

నిజమే రాసింది. పొయ్యి ఆర్పానా లేదా అని సగం దారిలో వెనక్కి తిరిగే మనిషిని నేను.

ఇదంతా ఒక గోడ కోసం. హిమాలయాల అవతలి వైపు, పేరు కూడా లేని లోయలో, మంచు కరిగిపోయి రెండేళ్ళ కిందట కొత్తగా బయటపడ్డ రాతి గోడ. ఎత్తు వెయ్యి మీటర్ల పైచిలుకు. అంతకుముందు దాన్ని చూసిన మనిషి లేడు. భ్రమర దాని ఫొటోను తలగడ కింద పెట్టుకునేది. మా గిరిజన బడిలో చదివి, భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకుని, దేశమంతా తిరిగి పతకాలు తెచ్చిన పిల్ల. కానీ మూడేళ్ళ కిందట ఉత్తరాన ఒక కొండ మధ్యలో చేతులు బిగుసుకుపోయి ఐదు గంటలు అట్లాగే అతుక్కుపోయింది. తోటివాళ్ళు గోనె మూటను దించినట్టు దించారు. ఆ సిగ్గు దానిని వదల్లేదు. అందుకే శశిరేఖ పిలవగానే పోయింది.

నేను శశిరేఖను ఒకటే అడిగాను. "ఈ సుబేదారు మా పిల్లకు ఏమవుతాడు?"

"ఏమీ కాడమ్మా. అందుకే ఎంచుకున్నాం. బంధువులైతే కంగారుపడతారు."

"మా దగ్గర అందుకే ఎంచుకోం."

ఆమెకు అర్థం కాలేదు. చెప్పాను.

మా చెంచుల్లో కొండ తేనెకు దిగేవాడు తాడు ఎవరి చేతికి పడితే వాళ్ళ చేతికి ఇవ్వడు. కొండ అంచు మీద చెట్టుకు ముడివేసి, తీగలు పేనిన నిచ్చెనను కిందికి వదిలి, పొగ కట్ట పట్టుకుని దిగుతాడు. పైన ముడి దగ్గర బావమరిది కూర్చోవాలి. సొంత తమ్ముడు కూర్చోకూడదు. అన్న పోతే తమ్ముడికి వదినె మీద ఆశ పుట్టొచ్చు. బావమరిదికి అట్లా కాదు. ఆ ముడి జారితే దిక్కులేనిదయ్యేది తన తోబుట్టువు. ఎవరికి ఎక్కువ నష్టమో వాళ్ళే తాడు పట్టాలి.

మా ఆయన గురవన్నకు నా అన్న బయన్న పట్టేవాడు. ఒక ఏడు వాళ్ళిద్దరికీ కుక్క దగ్గర మాట వచ్చింది. మా ఆయన వేటకు తీసుకుపోయిన బయన్న కుక్కను అడవిపంది చీల్చింది. బయన్న రానన్నాడు. మా ఆయన పంతానికి తమ్ముడు లింగన్నను తీసుకుపోయాడు. పైముడి జారింది. మా ఆయన మళ్ళీ పైకి రాలేదు. లింగన్నే విప్పాడని కొందరు, తీగ పాతదని కొందరు అన్నారు. లింగన్న మల్లన్న మీద ఒట్టు వేశాడు. గూడెం పెద్ద ఆ ఒట్టును చెవిన పెట్టలేదు. "వాడు విప్పాడో లేదో మనకెందుకు? వాడి చేతికి ఇయ్యడమే తప్పు" అన్నాడు. బయన్న ఆ వారంలోనే పెళ్ళాంబిడ్డలతో గూడెం వదిలి వెళ్ళాడు. నాకు చెప్పి కూడా పోలేదు. ఆ తర్వాత పదేళ్ళకు నా కూతురు, ఆరేళ్ళ భ్రమరను నా ఒడిలో పెట్టి జ్వరంతో పోయింది. నా బతుకంతా వెళ్ళిపోయేవాళ్ళ వీపులే చూశాను.

శశిరేఖ ఓపికగా విన్నది. "మీ బాధ నాకు తెలుస్తోందమ్మా. కానీ ఇది సైన్సు" అంది.

ఆ వారం సెలవు ఇస్తే ఇద్దరం గూడేనికి వచ్చాం. మూడో రోజు పొద్దున కుంకుడుకాయలకని అడవిలోకి పోయాం. మలుపు తిరగ్గానే దారిలో ఎలుగు, దాని వెనక రెండు పిల్లలు. నా కాళ్ళు అక్కడికక్కడే నాటుకుపోయాయి. భ్రమర మాత్రం మేకల మంద పక్కనుంచి పోయినట్టు నడుస్తూనే ఉంది. జడ పట్టుకుని వెనక్కి లాగి చెట్టు చాటుకు ఈడ్చాను. ఎలుగు రొప్పుతూ అటే చూసి, పిల్లల్ని తోలుకుని పోయింది.

"కళ్ళు పోయినయ్యా నీకు?"

"చూశా అవ్వా. ఎలుగేగా."

"చూస్తే ఎందుకు నిలబడలా?"

 అబద్ధమాడే పిల్ల కాదు. "నిలబడాలనిపించలా" అంది.

బిళ్ళలు తీశాక నాలుగు గంటల్లో భయం తిరిగొస్తుందని శశిరేఖ చెప్పింది. అప్పటికి మూడు రోజులైంది. ఆమెకు ఫోను చేసి చెప్పాను. "రాసుకుంటానమ్మా" అని పెట్టేసింది.

భ్రమర బయల్దేరే రోజు బస్సు దగ్గరికి పోయాను. కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను. భ్రమర నా ముఖాన్ని వింతగా చూసింది.

"ఎందుకవ్వా ఏడుస్తావు?"

"నీకు రావడంలా ఏడుపు?"

"నువ్వంటే నాకు ప్రాణమే. కానీ నువ్వు ఉంటావో పోతావో అన్న బెంగ పుట్టడంలే." చక్కగా, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "బాగుంది తెలుసా? తేలిగ్గా ఉంది."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. మా పిల్ల దగ్గర లేనిది ఇంకెక్కడో ఉంది, ఎవడి గుండెలోనో. అది దాని సొమ్ము కాదా? నేను తర్వాతి హైదరాబాదు బస్సెక్కాను. సంస్థ గేటు దగ్గర కూర్చున్నాను. పొమ్మంటే పోలేదు. పక్షం రోజులకు, భ్రమర గోడ అడుగుకు చేరాక, శశిరేఖే విసుగొచ్చి లోపలికి తీసుకుపోయింది. "సరే, మూలన కూర్చోండి. మాట్లాడకూడదు."

ఆ గదిలో పెద్ద తెర. తెర మీద బూడిదరంగు గోడ, దాని మీద చీమంత ఎర్ర చొక్కా. అది భ్రమర. దాని కింద ఒక రాతి మెట్టు మీద నోర్బు అనే లదాఖ్ కుర్రాడు ఆధారం తాడు పట్టుకుని ఉన్నాడు. అతనికి బిళ్ళలు లేవు, మామూలు మనిషి. ఇజ్రాయేల్ మాత్రం ఈ గదిలోనే, రెండువేల కిలోమీటర్ల ఇవతల, గుండె మీద పలకతో కూర్చున్నాడు. ఈసారి పలకకు నల్ల తీగ తగిలించి ఒక యంత్రంలోకి పంపారు. ఆకాశం మీదుగా కబురు ఆ యంత్రానికి వచ్చి, అక్కడి నుంచి ఆయనకు చేరుతుందట.

మొదటి రోజు ఆయన పళ్ళు బిగించి కూర్చున్నాడు. రెండో రోజు అన్నం వద్దన్నాడు. మధ్యాహ్నం నా వైపు చూసి నవ్వబోయి, "అక్కా, యుద్ధంలో నాకు ఇట్టా కాలేదు. అప్పుడు నాది నాకు తెలిసేది. ఇది ఎవరిదో" అన్నాడు. మూడో రోజు పొద్దున, భ్రమర గోడలో పదింట తొమ్మిది వంతులు ఎక్కేసరికి, ఆయన కుర్చీలోంచి జారి బల్ల కిందికి పాక్కుంటూ పోయాడు. మోకాళ్ళలో తల పెట్టుకుని వాళ్ళమ్మను పిలవడం మొదలుపెట్టాడు. ఏభై ఆరేళ్ళ మనిషి. పలక తీసి మంచి మాటలు చెప్పి ఆస్పత్రికి పంపించారు. పోతూ నా చెయ్యి వదల్లేదు. మంచి మనిషి. అతని తప్పేమీ లేదు.

డైరెక్టర్ పరాంకుశం గారు వచ్చారు. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. అమ్మాయి సంగతి కూడా అడగకుండా తెర వైపు చూశారు. "పెట్టెకు కలపండి" అన్నారు.

మనిషి బదులు అందిందని దొంగ సమాధానం చెప్పే పెట్టె ఒకటి చేశారట. దాన్ని ఇంకా ఎవరి మీదా వాడలేదు. కుర్రది దానికి తీగలు కలుపుతూ ఉంటే, ఈలోగా వచ్చే కబురంతా యంత్రంలో నిలవవుతోంది.

"నాకు పెట్టండి" అన్నాను.

శశిరేఖ నా వైపు చూసింది. "మీరు పరీక్షలో తప్పారమ్మా."

"తప్పితే తప్పాను. ఆ పెట్టెకు మా పిల్ల పోతే పోయేదేముంది? ఆ సుబేదారుకూ అంతే. నాకు పోద్ది. మీకు కంగారుపడని మనిషి కావాలా, పిల్ల దిగిరావడం కావాలా?"

"అమ్మా, మీ వయసు..."

"వయసు సంగతి నేను చూసుకుంటా."

ఆమె డైరెక్టర్ వైపు చూడకుండా పలక తెచ్చి నా గుండె మీద పెట్టింది. ఆమె చేసిన పనుల్లో నాకు నచ్చింది అదొక్కటే.

నన్ను మించి భయపడ్డ మనిషి భూమ్మీద లేదనుకునేదాన్ని. పొరపాటు. అరికాళ్ళ కింద నేల లేదు. వేళ్ళు చల్లబడ్డాయి.  అయితే పారిపోలేదు. అలవాటైన మనిషికి ఒక లాభం ఉంది, ఏ భయం దేనిదో విడదీసి చూస్తుంది. పడిపోతానన్నది అరికాళ్ళలో పుడుతుంది. పట్టు జారుతుందన్నది మోచేతుల్లో. చలి, ఆకలి, ఒంటరితనం కడుపులో. అన్నిటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటూ పోయాను. అప్పుడు అన్నిటి అడుగునా ఇంకోటి తగిలింది. చిన్నది, ఆగకుండా ఉంది. దవడ పళ్ళ మొదట్లో సన్నగా జుమ్మంటోంది.

దాన్ని నేను ఎరుగుదును. తేనెకు పోయేవాళ్ళు రాతికి చెంప ఆనిస్తారు. రాయి లోపల ఏదైనా కదిలితే చెవికంటే ముందు దవడకు తెలుస్తుంది. భ్రమర కూడా గోడకు చెంప ఆనించే ఎక్కుతుంది, చిన్నప్పటి అలవాటు. ఆ రాయి వెనక ఏదో నడుస్తోంది. పిల్ల ఒంటికి తెలిసింది. తెలిసింది దాని దగ్గర ఉండకుండా నా దగ్గరికి వచ్చింది.

ఇక్కడ నేను చేసిన బుద్ధితక్కువ పని చెప్పాలి. మా వాళ్ళలో తాడు పట్టిన మనిషి నోరు విప్పకూడదు. మాట వినబడితే దిగినవాడి చూపు మళ్ళుతుంది, పట్టు తప్పుతుంది. చెప్పాల్సింది చేతితోనే చెప్పాలి. మూడుసార్లు లాగితే వచ్చెయ్యమని. ఆడదాన్ని కాబట్టి నేను ఎన్నడూ తాడు పట్టలేదు గాని, ఆ కట్టుబాటు నా ఎముకల్లో ఉంది. పలక నుంచి యంత్రంలోకి పోయే నల్ల తీగను పట్టుకుని మూడుసార్లు లాగాను. ఆగి, మళ్ళీ మూడుసార్లు లాగాను.

"తీగ లాగకండమ్మా, ఊడిపోతుంది" అంది కుర్రది.

నేను వినలేదు. నోరు బిగించుకుని లాగుతూనే ఉన్నాను. తెర మీద ఎర్ర చొక్కా పైపైకి పోతూనే ఉంది. ఎందుకు వినడం లేదు ఈ పిల్ల అని దానినే తిట్టుకున్నాను. గంట గడిచింది. ఆ తీగ యంత్రంలోకి పోయి ఆగిపోయిందని, దాని అవతల ఎవరి నడుమూ లేదని నాకు గంట తర్వాత తట్టింది. మనిషిని పోగొట్టుకోవడానికి గంట చాలా ఎక్కువ.

"నేను మాట్లాడాలి" అన్నాను.

శశిరేఖ మైకు నా ముందుకు జరిపింది.

"భ్రమరా."

"అవ్వా? నువ్వేంది ఆడ? సుబేదారు మామ యాడ?"

"మామకు బాగలా. ఇప్పుడు నేను పట్టుకున్నా. పిల్లా, రాయి లోపల ఏదో కదులుతాంది. దిగిరా."

"నాకేం తెలవలేదే."

"నీకు తెలిసింది. అది నాకొచ్చింది, పళ్ళు జుమ్మంటాండయి."

నవ్వింది. గాలి హోరులో ఆ నవ్వు ముక్కలు ముక్కలుగా వచ్చింది. "ఇంక అరవై మీటర్లే అవ్వా. ఈ రాయిని ఇంతవరకూ ఏ మనిషీ తాకలా తెలుసా? చెయ్యి పెడితే పుట్టిన బిడ్డ ఒళ్ళులా ఉంది. నోర్బును అడిగా. వాడికీ ఏం వినబడలేదంట."

"వాడు నిలబడ్డది నీ కింద, వేరే రాయి మీద."

"దిగాలనిపించడంలే అవ్వా. చెప్పు, దిగడానికి నాకు ఒక కారణం చెప్పు."

కారణం నా దవడలో ఉంది. దాన్ని మాటల్లో ఎట్లా పంపను? ఎలుగు ముందు నడుస్తూ పోయిన పిల్లకు ఎన్ని మాటలు చెబితే ఆగుతుంది?

"ఎక్కనివ్వండి" అన్నారు పరాంకుశం గారు వెనక నుంచి. "ఒక ముసలావిడ పంటి నొప్పికి పదేళ్ళ పని ఆపుతామా?"

నేను శశిరేఖను అడిగాను. "ఇది పీకేస్తే ఏమవుద్ది?"

ఆమె యంత్రం వైపు చూపింది. "ఇజ్రాయేల్ గారు పడిపోయాక మీరు పెట్టుకునేదాకా వచ్చినది ఇంకా ఎవరికీ చేరలేదు. యంత్రం నిండా ఉంది, ఇంక పట్టదు. పలక తీస్తే అది, ఇప్పటిది, అంతా ఒక్కసారి భ్రమరకు పోతుంది. చేతులు బిగుసుకుపోతాయి. స్పృహ తప్పొచ్చు. ఆ ఎత్తులో వద్దమ్మా. మీరే చంపినవారవుతారు."

నా చేతులు వణుకుతున్నాయి. అందులో సగం భ్రమర వణుకు, సగం నాది. పెట్టుకుని కూర్చుంటే గోడ చంపుతుందేమో. తీస్తే నేను చంపుతానేమో. ఇంకెవరినీ అడగడానికి లేదు. తాడు నా చేతిలో ఉంది.

"భ్రమరా, నిన్ను గోడకు కురచగా కట్టుకో. మూడు మేకులకు. తల వాల్చినా పడిపోకుండా."

"ఎందుకు?"

"అవ్వ చెప్తాంది."

"సరే, నీ తృప్తికి." టంగు టంగుమని సుత్తి చప్పుడు. కొక్కేలు తగిలించిన చప్పుడు. "కట్టుకున్నా. అటూ ఇటూ కదలకుండా ఉన్నా. ఇప్పుడేంది?"

"నీది నీకు పంపిస్తన్నా."

పరాంకుశం గారు ముందుకు వచ్చేలోపు పలకను పీకేశాను. అతుకుతో పాటు చర్మం కూడా కొంచెం వచ్చింది.

ఆ తర్వాత పదకొండు నిమిషాలు. కుర్రది గడియారం చూసి తర్వాత చెప్పింది, నాకు లెక్క తెలియదు. మొదట ఒక అరుపు. అది మనిషి అరుపులా లేదు. తర్వాత అరుపు కూడా లేదు, ఊపిరి పీల్చలేక కొట్టుకునే చప్పుడు. నోర్బు కింద నుంచి హిందీలో ఏదో పిలుస్తున్నాడు. శశిరేఖ రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది. నా ఒంట్లోంచి భ్రమర భయం పోయింది. మిగిలింది నాది. దాన్ని పట్టుకుని కూర్చున్నాను, అది నేను ఎరిగినదే.

"అవ్వా" అని వినబడింది. గొంతు గుర్తుపట్టలేకపోయాను. ఆరేళ్ళ పిల్ల గొంతు అది.

"చెప్పు నాయనా."

"నీళ్ళు. లోపల నీళ్ళు పోతాండయి. రాయి వెనక. చెంపకు తెలుస్తాంది. ఎప్పటినుంచో పోతాండయి అవ్వా, నేను యింటానే ఉన్నా."

"దిగుతావా?"

"కాళ్ళు రావడంలే."

"రాకపోతే ఉండు. వచ్చినప్పుడే దిగు. నేను యాడికీ పోను."

దిగడానికి వాళ్ళకు ఆ పగలూ మర్నాడు పగలూ పట్టింది. ప్రతి మేకు దగ్గరా ఏడ్చింది. ప్రతి మేకు దగ్గరా రెండుసార్లు ముడి చూసుకుంది.

ఇక్కడ కథ అయిపోతే నాకూ బాగుండేది. గూడేనికి వచ్చాక భ్రమర గడప దాటలేదు. కుక్క మొరిగితే ఉలిక్కిపడేది. గ్లాసు కిందపడితే చెవులు మూసుకునేది. నాతో మాట్లాడలేదు. ఇరవై రోజుల తర్వాత మాట్లాడిన మొదటి మాట ఇది: "అరవై మీటర్లు. నన్ను మళ్ళీ ఆ మూటను చేశావు."

నేను లేచి పొయ్యి ఆర్పానో లేదో చూసి వచ్చాను. 

గోడ సంగతి నోర్బు చెబితే, శశిరేఖ ఫోను చేసి నాకు చెప్పింది. వాళ్ళు దిగిన ఆరో రోజున గోడ పైభాగంలో ఇల్లంత పెచ్చు ఊడి పడింది. అయితే భ్రమర ఎక్కిన దారిలో కాదు. ఎడమ పక్కన, ముప్పై గజాల అవతల. నేను రాత్రింబవళ్ళు ఆ ముప్పై గజాలను కొలుస్తూ కూర్చున్నాను. ఎక్కి ఉంటే బతికేదా? బతికేదేమో. శిఖరం మీద జెండా పాతి నవ్వుతూ దిగివచ్చేదేమో. ఎవరు చెప్పగలరు? ఎంత ఆలోచించినా నాకు ఒకటే తేలింది. ఆ రాయి పడకపోయినా నేను ఆ పలక పీకేదాన్నే. దాని ఒంట్లో పుట్టినదాన్ని దానికి తెలియకుండా దాచే హక్కు నాకు లేదు. ఎవరికీ లేదు.

వేసవి మొదట్లో సంస్థవాళ్ళు మమ్మల్ని పిలిపించారు. చల్లని గది. పొడుగు బల్ల. అవతల పరాంకుశం గారు, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు, చివర తల వంచుకుని శశిరేఖ. ఇవతల నేను, భ్రమర. దాని చేతులు ఒడిలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

"మీ మీద మాకు కోపం లేదమ్మా" అన్నారు పరాంకుశం గారు. "పెట్టె ఇప్పుడు బాగా పనిచేస్తోంది. ఇక మనిషి అక్కర్లేదు. వచ్చే నెలలో భ్రమర మళ్ళీ వెళ్ళొచ్చు. మీరు ఒక సంతకం పెడితే చాలు."

కాగితం నా ముందు పెట్టారు. వేలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. వాళ్ళు గడియారాలు చూసుకున్నారు. నేను తొందరపడలేదు. 'వయసు వల్ల, ఆందోళన జబ్బు వల్ల అయోమయంలో పలకను తొలగించాను' అని ఒక చోట ఉంది. ఇంకా కిందికి, సన్న అక్షరాల్లో, 'పరికరం ద్వారా బదిలీ అయిన భావ సంకేతాలన్నీ సంస్థ ఆస్తి' అని ఉంది.

"ఇదేంది సార్? మా పిల్ల భయం మీదా?"

"అది చట్టం భాష అమ్మా. అంతగా పట్టించుకోవాల్సింది కాదు."

"పట్టించుకోనవసరం లేనిదైతే రాయడం ఎందుకు?"

 శశిరేఖ తల ఎత్తింది. నేను అయోమయం అన్న వాక్యాన్ని కొట్టేశాను. సన్న అక్షరాల వాక్యాన్నీ కొట్టేశాను. ఖాళీ జాగాలో నా చేతిరాతతో, ఒక్కో అక్షరం గుణింతం చూసుకుంటూ రాశాను: 'భయపడ్డాను. భయపడే తీశాను. తెలిసే తీశాను. మళ్ళీ అయినా తీస్తాను. ఈదమ్మ.'

"మీరు ఇట్లా రాస్తే కుదరదు."

"కుదరకపోతే చించెయ్యండి. ఇంకోటి రాయను."

పరాంకుశం గారు నన్ను వదిలేసి భ్రమర వైపు తిరిగారు. గొంతు ఇంకా మెత్తబడింది. "చూడమ్మా. ఇది మీ అవ్వ నిర్ణయం కాదు, నీది. ఆ గోడ నీకోసం ఉంది. పెట్టె పెట్టుకుంటే ఆ రోజు పడిన బాధ ఇంకెప్పుడూ ఉండదు. ఎలుగుబంటి ముందు కూడా ధైర్యంగా నిలబడ్డావట కదా?"

భ్రమర లేచి నిలబడింది. బల్ల అంచు పట్టుకుంది. నాకు దాని ముఖం చూసే ధైర్యం లేకపోయింది. సరే అంటుందనే అనుకున్నాను. అంటే తప్పు పట్టలేను. దాన్ని అంతగా బాధపెట్టింది నేనే.

"నిలబడలా సార్. నడిచిపోయా. అది ధైర్యం కాదు" అంది. మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంది. "నాకు భయమేస్తాంది. ఆ గోడంటే భయం. ఈ గదంటే భయం. మీరంటే కూడా భయమే. మళ్ళీ ఎక్కుతా. బిళ్ళలు లేకుండా ఎక్కుతా. నోర్బు వస్తానన్నాడు, మామూలు తాడుతో. ఎడమ పక్క రాలిపోయింది గదా, లోపలి నీళ్ళ దారి ఇప్పుడు కనబడతాది. దాన్ని చూసి, కుడి పక్క నుంచి ఎక్కుతాం. పళ్ళు జుమ్మంటే దిగొస్తాం."

"సంస్థ సాయం లేకుండానా? ఎన్నేళ్ళు పడుతుందో తెలుసా?"

"పడనీ."

మేము బయటికి వచ్చాం. ఎండ కళ్ళలో కొట్టింది. రోడ్డు దాటే ముందు భ్రమర నా చెయ్యి గట్టిగా పట్టుకుని అటూ ఇటూ చూసింది. అవతలి పక్కకు చేరాక కూడా వదల్లేదు. దాని అరచెయ్యి చెమటతో తడిసి ఉంది.

నోర్బు వస్తానన్న సంగతి నాకు ఇంతవరకూ చెప్పలేదు. ఎప్పుడు మాట్లాడుకున్నారో. అంటే గడప దాటని ఆ రోజుల్లో కూడా దాని మనసు గోడ మీదే ఉంది. నా లోపల ఏదో కూలిపోయింది. ఎవరి భయమూ కాదది, అచ్చంగా నాదే. మళ్ళీ ఒక బస్సు, మళ్ళీ ఒక వీపు.

"అవ్వా, నన్ను పోవద్దంటావా?" అని అడిగింది భ్రమర.

అబద్ధం చెప్పి పంపడం నాకు చేతకాలేదు.

"అంటాను. నువ్వు బయల్దేరే నిమిషం దాకా పోవద్దనే అంటాను" అన్నాను. "నువ్వు మాత్రం వినొద్దు."